చిన్న గుంపుల దొమ్మీ

మేం మొత్తం పదిమందిమి. పడవలో పదిమందికి మించి ఎక్కించుకోమని కంపెనీవాళ్ళు మాటిచ్చారు కాబట్టే మామూలు టికెట్టుకు మూడింతలు కట్టాం. డబ్బు కట్టిన రాత్రి మనసు ఎంత తేలిగ్గా ఉందో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది. వందమందిని రెండంతస్తుల్లో కుక్కుకుని పోయే పెద్ద పడవల జనం వేరు, మనం వేరు అనుకున్నాను. వాళ్ళు తమాషాకి పోతారు, మనం దర్శనానికి వెళ్తున్నాం అనుకున్నాను. తిరుమలలో బ్రేక్ దర్శనం టికెట్టు చేతపట్టుకుని ధర్మదర్శనం క్యూ వంక చూసేవాడి ముఖంలో ఒక పుణ్యం తొణికిసలాడుతూ ఉంటుంది చూడండి, అచ్చం అదే నా ముఖంలోనూ ఉండి ఉంటుంది.

టికెట్టు మీద ఉన్న మాటలు ఇవీ: స్మాల్ గ్రూప్ వేల్ వాచింగ్ ఎక్స్‌పెడిషన్. ఐదు మాటలు. అందులో వేల్ ఒక్కటే నిజం. మిగతావన్నీ మనల్ని మనం మోసం చేసుకోవడానికి డబ్బిచ్చి కొనుక్కున్న మాటలు.

శ్రీలంక దక్షిణపు కొసన మిరిస్సా అని ఒక ఊరు. చేపల రేవు, కొబ్బరిచెట్లు, ఇసుక మీదికి జరుగుతూ వచ్చిన హోటళ్ళు. తూర్పుగా కొంతదూరం పోతే దొంద్రా దీపస్తంభం. ఆ దీవికి అదే ఆఖరి కొస. అక్కడ నిలబడి దక్షిణానికి చూస్తే అంటార్కిటికా దాకా నేలన్నదే లేదు. తీరం వదిలి కొంచెం ముందుకు పోగానే సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. ఆ లోతు అంచున రుతుపవనాలూ ప్రవాహాలూ కలిసి అడుగునీటిని పైకి తోడి మేత పండిస్తాయి. భూమి మీద పుట్టిన ప్రాణులన్నిట్లోకీ పెద్దదైన నీలి తిమింగలం ఒడ్డుకు ఇంత దగ్గర్లో దొరుకుతోందంటే అందుకే. మిగతా సముద్రాల్లో వీటి జాతివాళ్ళు ధ్రువాల చలినీళ్ళకూ వెచ్చటి నీళ్ళకూ మధ్య ఏటా వలస తిరుగుతుంటే, ఇవి మాత్రం ఉత్తర హిందూ మహాసముద్రాన్నే అంటిపెట్టుకుని బతుకుతాయి. వెచ్చటి నీళ్ళలో నీలి తిమింగలాలు మేయవని పుస్తకాలు చెబుతూ ఉంటే, 2003లో ఆషా డి వోస్ అనే శ్రీలంక అమ్మాయి ఒక పరిశోధక నౌక మీద పనిచేస్తూ నీళ్ళ మీద తేలుతున్న ఎర్రటి పేడకుప్పను చూసి, ఇవి ఇక్కడే మేస్తున్నాయని పట్టేసింది. తర్వాత ఆమె ఆ దేశపు పేరున్న తిమింగలాల శాస్త్రవేత్త అయింది. (మేసిన చోటే పేడ పడుతుందని మన ఊళ్ళో గేదెలు కాసే కుర్రాణ్ణడిగినా చెబుతాడు. అయినా ఆ మాట పుస్తకాలకెక్కాలంటే ఒకరు సముద్రం మీదికి పోయి చూడాల్సివచ్చింది.) మిగతాచోట్ల ఈ జాతి తినేది క్రిల్ అయితే, ఇక్కడివి ముఖ్యంగా తినేది ఒక రకం బుల్లి రొయ్యలని కూడా ఆ తర్వాత తేలింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మిరిస్సా సముద్రం తిమింగలాలు తిరగడానికొచ్చే పార్కు కాదు. వాటి పంక్తి. అవి అక్కడ విస్తరి ముందు కూర్చుని ఉన్నాయి. ఇప్పుడు మేం ఏం చేశామో చెబుతాను.

పొద్దున్న ఆరున్నరకు రేవు దాటాం. విశాఖ ఫిషింగ్ హార్బరు పక్కన పెరిగిన ముక్కు నాది. డీజిలు, తడిసిన వల, ఎండు చేప కలిసిన ఆ వాసనకు ప్రాణం లేచొచ్చింది. మా పడవలో కూకట్‌పల్లి నుంచి వచ్చిన దంపతులు, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప. విజయవాడలో బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయన, వాళ్ళావిడ. ఇద్దరు జర్మన్లు. మోచెయ్యంత లెన్సు వేసుకున్న బెంగళూరు కుర్రాడు. నేను, మా ఆవిడ. సరంగు యాభై దాటిన మనిషి, మాట తక్కువ. అతనికి సాయంగా ఒక కుర్రాడు. సింహళంలో మల్లి అంటే తమ్ముడు. అందరం వాణ్ణి మల్లీ, మల్లీ అని పిలుస్తున్నాం. వాడు అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు, వాంతులకు నల్ల కవర్లు పంచాడు. గంట తిరిగేసరికి గుడ్ల కంటే కవర్లకే గిరాకీ ఎక్కువైంది.

నా తలకు పైన, పందిరి ఇనపకడ్డీకి నైలాను తాడుతో కట్టిన ప్లాస్టిక్ పూత కార్డు ఒకటి గాలికి కొట్టుకుంటూ ఉంది. ఒక తిమింగలం బొమ్మ, ఒక పడవ బొమ్మ, రెంటికీ మధ్య బాణం గుర్తు, దాని మీద 100 మీటర్లు. అది శ్రీలంక ప్రభుత్వం 2012లో పెట్టిన నిబంధన. అంతకంటే దగ్గరికి పోకూడదు, వెంటపడకూడదు. ఆ కార్డు చూసి కూడా నేను మురిసిపోయాను. మంచి కంపెనీనే ఎంచుకున్నామని మా ఆవిడ చెవిలో అన్నాను. కంపెనీ పేరు రాయను. రాస్తే మిగతావాళ్ళంతా మంచివాళ్ళని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

ఎనిమిది దాటాక సరంగు ఫోను మోగింది. అతను ఒక్క ముక్క మాట్లాడి చుక్కాని తిప్పేశాడు. ఇంజిను గొంతు మారింది. దూరాన నీళ్ళ మీద కొబ్బరిచెట్టంత ఎత్తున తెల్లటి ఆవిరి లేచి, గాలికి వంగి, చెదిరిపోయింది. అబద్ధమెందుకు, ఒళ్ళు ఝల్లుమంది. అరవై ఏళ్ళ మనిషిని, కూర్చున్నవాణ్ణి లేచి నిలబడిపోయాను. అంత పెద్ద ఊపిరిని నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి పోయేకొద్దీ నీళ్ళ కింద ఒకచోట సముద్రం రంగు తేలికపడింది, పాలు కలిపిన పచ్చల రంగు. అది వెన్ను. పైకొచ్చాక చూస్తే నీలం కాదు, గచ్చకాయ రంగు, ఒంటినిండా మబ్బుల్లాంటి మచ్చలు. వస్తూనే ఉంది. రైలు లెవెల్ క్రాసింగు దాటుతున్నట్టు ఆ వెన్ను అలా సాగుతూనే ఉంది, రెక్క ఎక్కడో చివర్న గానీ రాలేదు.

అప్పుడు తలెత్తి చుట్టూ చూశాను.

మాది కాక పదకొండు పడవలు. నాలుగు పెద్దవి, రెండంతస్తులవి, ఒక పక్కకు ఒరిగిపోతున్నాయి, జనమంతా ఇటే చేరారు కాబట్టి. మిగతా ఏడూ మాలాంటివే. నీటుగా, తెల్లగా, పదేసి మందితో, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కార్డుతో. అన్నీ ఒకే చోటికి ముక్కు పెట్టి వస్తున్నాయి. తిమింగలానికి ముందువైపు కూడా రెండు పడవలు పోయి కాచుకున్నాయి, అది పైకొచ్చే చోటు ముందే ఊహించి. మన రేవుల్లో చేపల గుంపు దారి కనిపెట్టి వల అడ్డంగా వేసే తెలివే అది. వీళ్ళు కూడా నిన్నమొన్నటి దాకా ఆ పని చేసినవాళ్ళే.

కూకట్‌పల్లి తమ్ముడు ఫోను పైకెత్తి, "మల్లీ, క్లోజ్, క్లోజ్!" అంటున్నాడు. నా వైపు తిరిగి, "అన్నా, ఇంకొంచెం దగ్గరికి పోనియ్యమని జెప్పరాదే, ఇంత పైసలు గట్టినం" అన్నాడు. జర్మన్లు నోరు విప్పి అడగలేదు, కానీ వాళ్ళూ వద్దనలేదు. బెంగళూరు కుర్రాడు లెన్సు మార్చుకున్నాడు, పెద్దది తీసి చిన్నది పెట్టుకున్నాడు. ఆ ఒక్క పనితో దూరమెంతో తెలిసిపోతుంది. రెండు పడవల పొడవు కూడా లేదు. కార్డు గాలికి టపటపలాడుతూనే ఉంది.

బ్యాంకు మేనేజరు గారు మాత్రం కవరు పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, వేళ్ళ మీద లెక్క వేస్తున్నారు. "మనలాంటివి ఏడు. ఏడు పదులు డెబ్భై. మనతో ఎనభై. ఎనభై మందికి ఎనిమిది ఇంజిన్లండీ మాస్టారూ. అదిగో, ఆ పెద్ద పడవ ఒక్కదాంట్లో ఎనభైమందిమీ పట్టేవాళ్ళం కదా?"

నలభై ఏళ్ళ చిట్టా ఆవర్జాల అనుభవం ఒక్క వాక్యంలో మా పుణ్యాన్నంతా రద్దు చేసేసింది.

ఈ లెక్క నాకెందుకు తట్టలేదు? మీకెందుకు తట్టదు? ఎందుకంటే స్మాల్ గ్రూప్ అన్న మాటలో లెక్కించేది పడవ లోపలి మనుషుల్ని. మోకాలికి మోకాలు తగలకుండా కూర్చోవచ్చా, ఫోటోకి పక్కవాడి టోపీ అడ్డం రాదా, బాత్రూముకు క్యూ ఉంటుందా. అన్నీ మన సుఖాలే. నీళ్ళలో ఉన్న జీవికి మా తలలతో పనేముంది? పదిమందే ఉన్నారు పోనీలే అని అదేమైనా ఊరుకుంటుందా? దానికి తెలిసేది ఇంజిన్లు, వాటి చప్పుడు, దారికి అడ్డంగా వచ్చి పడే నీడలు. గాలిలో కంటే నీళ్ళలో చప్పుడు నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, ఎక్కడికో పోతుంది. పైగా తిమింగలం చెవితో బతికే జంతువు. కళ్ళకు పొగ పెట్టినట్టు దాని చెవికి పొగ పెట్టి, మేం పదిమందిమే వచ్చామండీ అని చేతులు కట్టుకుని నిలబడితే ఎవరికి కావాలి మన మర్యాద? వందమంది ఒక పడవలో వస్తే ఒక రొద. అదే వందమంది సంస్కారవంతులై పది పడవల్లో వస్తే పది రొదలు. పడవలకు కట్టడి లేని చోట చిన్న గుంపు అనేది పెద్ద గుంపు కంటే పెద్ద పాపం. ఈ ముక్క అమ్మేవాళ్ళకు తెలియక కాదు. మూడింతలు వసూలు చేయగలిగే మాటను ఎవడు వదులుకుంటాడు?

ఇక వాచింగ్. తిమింగలం లోపలికి మునిగితే పది నిమిషాలో, పావుగంటో. పైకొచ్చాక కొన్ని సెకన్లకొకసారి చొప్పున కొన్ని ఊపిర్లు తీసుకుని, ఒంట్లో ప్రాణవాయువు నింపుకుని, మళ్ళీ మేతకు దిగుతుంది. ఆ కాసేపే దాని విరామం. ఆ కాసేపే మా షో టైము. బావిలో మునిగి ఈతకొట్టి పైకి తేలిన పిల్లాణ్ణి గట్టు మీద పన్నెండుమంది నిలబడి మొహం మీద టార్చిలైట్లు కొడుతూ, ఇటు తిరుగు, ఇటు తిరుగు అంటే వాడేం చేస్తాడు? సరిగ్గా ఊపిరందకుండానే మళ్ళీ మునుగుతాడు. పడవలు మీదపడ్డప్పుడు తిమింగలాలు ఈత వేగం మార్చుకోవడం, ఊపిరి తీసుకునే వరస చెదిరిపోవడం చాలా సముద్రాల్లో చూసి రాసిపెట్టారు. ప్రతి మునకకూ ఖర్చుంది. అంత ఒంటిని కిందికి తోసుకుపోయి, నోరు బార్లా తెరిచి, గదినిండా పట్టే నీళ్ళు మింగి, వడకట్టి, చిటికెన వేలంత లేని రొయ్యల్ని ఏరుకు తినే బతుకు అది. ఆ మునక వృథా అయితే ఆ పూట కూలి పోయినట్టే.

నాలుగో ఊపిరికి అది వెన్ను ఎత్తుగా వంచింది. తోక నిలువునా నీళ్ళలోంచి లేచింది. ఒక ఇంటి వాకిలంత తోక. చివరల నుంచి నీళ్ళు ధారగా కారుతూ క్షణం ఆగి, చప్పుడు చేయకుండా జారిపోయింది. పన్నెండు పడవల్లోంచీ ఒక్కసారి ఈలలు, చప్పట్లు. నేనూ కొట్టాను. మల్లి, "టెయిల్! గుడ్ లక్!" అని బొటనవేలు చూపించాడు. తోక ఎత్తిందంటే నిలువుగా లోతుకు పోతోందని, మన దగ్గర్నుంచి వెళ్ళిపోతోందని. వెళ్ళిపోతున్నందుకు మేం చప్పట్లు కొట్టాం. అది మునిగిన చోట నీళ్ళు కాసేపు నూనె పోసినట్టు నున్నగా, అద్దంలా మిగిలాయి. తోక విదిలింపుకు అలా గుండ్రటి అచ్చు పడుతుంది. ఆ అచ్చు ఇంకా చెరగకముందే మూడు పడవలు దాని మీదుగా దున్నుకుంటూ పోయాయి, తర్వాతి చోట ముందు నిలబడడానికి. మా సరంగూ గేరు వేశాడు.

అలా ఆ పొద్దు ఒకే తిమింగలాన్ని నాలుగుసార్లు తరిమాం. దీన్ని వాచింగ్ అంటారట. మా తాతల నాటి తెలుగులో దీనికి మాట ఉంది: వేట. బల్లెం ఒక్కటే లేదు.

బల్లెం మాట వచ్చింది కాబట్టి ఎక్స్‌పెడిషన్ సంగతీ తేల్చుకుందాం. ఈ నీళ్ళలోకి గతంలో నిజంగానే ఎక్స్‌పెడిషన్లు వచ్చాయి. 1963 నుంచి 1966 వరకు సోవియట్ తిమింగలాల వేట నౌకలు ఉత్తర హిందూ మహాసముద్రంలో దొంగతనంగా దాదాపు 1,300 నీలి తిమింగలాలను చంపి తీసుకుపోయాయి. బయటికి చూపించింది దొంగ లెక్క. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ నౌకల మీద పనిచేసిన శాస్త్రవేత్తలే అసలు చిట్టా బయటపెట్టారు. 1979లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ హిందూ మహాసముద్రాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు వ్యాపారం కోసం చేసే వేటను ప్రపంచమంతటా నిలిపేయాలని తీర్మానించారు. అంటే నేను చూసిన ఆ గచ్చకాయ రంగు వెన్ను, అరవైలనాటి ఊచకోతలో తప్పించుకున్న ఏ తల్లి బిడ్డో, మనవరాలో అయి ఉండాలి. ఎనభై తొంభై ఏళ్ళు బతికే జంతువు. ఏమో, ఆనాటి ముసలిదే కూడా కావచ్చు. ఆ కడుపుకోత వంశంలో మిగిలిన కొన్ని వచ్చి ఇక్కడ నాలుగు రొయ్యలు తింటుంటే, మనం పన్నెండు పడవలేసుకుని, టోపీలు పెట్టుకుని, ఎక్స్‌పెడిషన్ అని పేరు పెట్టుకుని మళ్ళీ బయల్దేరాం.

నాకు ఎదురుచెప్పే మాటలు నాకు తెలుసు. రేవులో దిగాక పొట్టకూటి మాట నాతో అన్నవాళ్ళూ ఉన్నారు.

మిరిస్సా వాళ్ళు 2004 సునామీలో పడవలు, ఇళ్ళు, మనుషుల్ని పోగొట్టుకున్నారు. ఆ దేశంలో యుద్ధం 2009లో గానీ ఆగలేదు. వలకు చేప తగ్గిన చోట తిమింగలం అన్నం పెడుతోంది. దీన్ని కాదనే పాపం నేను మూటగట్టుకోను. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, రేవులో అప్పు ఎలా ఉంటుందో చూసినవాణ్ణి. కానీ ఒక మాట అడుగుతాను. మన చెరువుల్లో, సముద్రంలో చేప గుడ్లు పెట్టే కాలంలో వేట ఎందుకు ఆపుతారు? తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు రేవులో కట్టేసుకుని ఎందుకు కూర్చుంటాయి? మత్స్యకారుడి మీద పగబట్టా? రేపు కూడా వలలో చేప పడాలనే కదా. పెట్టుబడి తినేసే వ్యాపారం ఎన్నాళ్ళు నిలుస్తుంది? పడవలకు హద్దు పెడితే మొదట బాగుపడేది ఆ సరంగే. ఇవాళ పక్క పడవ ముందుకు పోతే ఇతనూ పోవాల్సిందే. పోకపోతే రేపు ఇతని పడవ ఎవరూ ఎక్కరు. హద్దుంటే ఆ పందెం నుంచి అతనికి విడుదల.

ఇది ఊహ కాదు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కైకోరా అనే ఊరుంది. 1987లో అక్కడి మావోరీ కుటుంబాలు కొన్ని ఇళ్ళు తాకట్టు పెట్టి తిమింగలాలు చూపించే పని మొదలుపెట్టాయి. వాళ్ళదీ పొట్టకూటి కథే, ఊళ్ళో పనుల్లేని రోజులు. ఆ దేశం 1992లో నిబంధనలు రాసింది: ఒక తిమింగలానికి 300 మీటర్ల లోపల మూడింటికి మించి ఉండకూడదు, పడవలైనా విమానాలైనా అన్నీ కలిపి. నాలుగోవాడు ఎంత గొప్పవాడైనా దూరంగా ఆగాల్సిందే. ఎవరు పడితే వాళ్ళు పడవ దించడానికి లేదు, పర్మిట్ కావాలి. తిమింగలం కనపడకపోతే ఆ కుటుంబాల కంపెనీ టికెట్టు డబ్బులో 80 శాతం తిరిగిచ్చేస్తుంది. అంటే నష్టం కంపెనీ భరిస్తుంది, తిమింగలం భరించదు. ఆ మావోరీల కంపెనీ ఇవాళ్టికీ నడుస్తోంది. ఎవరి పొట్టా మాడలేదు.

ఇంకో వాదన ఉంది. అసలు చంపేది ఓడలు, మేం కాదు; మేం చూసి వచ్చేస్తాం అంటారు. మొదటి సగం అక్షరాలా నిజం. ప్రపంచంలోనే రద్దీ అయిన ఓడల దారుల్లో ఒకటి దొంద్రా కొసను రాసుకుంటూ, ఈ మేత నీళ్ళ నడిమధ్య నుంచే పోతుంది. 2012 మార్చిలో ఒక కంటైనర్ ఓడ కొలంబో రేవులోకి వస్తే, దాని ముక్కుకు అడ్డంగా చచ్చిన నీలి తిమింగలం వేలాడుతోంది. ఒడ్డు దగ్గర పడవల తాకిడికి తిమింగలాలు ఇంకా బయటికి, అంటే నేరుగా ఆ ఓడల దారిలోకే జరుగుతున్నాయేమోనన్న అనుమానం కూడా పరిశోధకులకు ఉంది. ఆ దారిని కొంచెం దక్షిణానికి జరపండని ఏళ్ళ తరబడి మొత్తుకోగా మొత్తుకోగా, 2022లో ఎంఎస్‌సీ అనే భారీ నౌకా కంపెనీ తనంతట తాను తన ఓడల్ని 15 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 28 కిలోమీటర్లు, కిందికి జరుపుకుంది. లాభనష్టాలు తప్ప మరోటి ఎరగని వ్యాపారం, వందల ఓడలు, లక్షల కంటైనర్లు, తిమింగలం కోసం 28 కిలోమీటర్లు పక్కకు తప్పుకుంది. ప్రకృతి ప్రేమికులమని మెడలో బైనాక్యులర్సు వేలాడేసుకున్న పదిమందిమి 100 మీటర్లు ఆగలేకపోయాం.

ఆఖరిది, అన్నిటికంటే తియ్యటిది: దగ్గరగా చూస్తేనే ప్రేమ పుడుతుంది, ప్రేమ పుడితేనే కాపాడుకుంటారు. ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. మా పదిమందిలో పుట్టిన ప్రేమ ఎంతసేపుందో నేను వాచీ చూసి చెప్పగలను. పడవ రేవు వైపు తిరిగిన పది నిమిషాలకు మాటలు పీతల కూర మీదికి పోయాయి. పావుగంటకు, మర్నాడు నువర ఎలియా దగ్గర సీతమ్మ గుడికి వ్యాను ఎన్నింటికన్న చర్చ. మన ట్రావెల్ ఏజెంట్ల ప్యాకేజీల్లో అలాగే ఉంటుంది మరి: ఒక రోజు అశోకవనం, ఒక రోజు తిమింగలం, ఒక రోజు షాపింగు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇవి అమ్మే ఏ కాగితం మీదా ఎన్ని పడవలుంటాయో ఉండదు. దగ్గరగా చూడ్డం వల్ల ప్రేమ పుట్టేదైతే, మన సర్కస్ గుడారాలు చూసిన తరాలు ఏనుగులకు గుళ్ళు కట్టి ఉండాలి.

అసలు మన తెలుగువాళ్ళకు తిమింగలం పేరు వినపడే సందర్భాలు చూడండి. తిమింగలం వాంతి పట్టివేత, విలువ ఇన్ని కోట్లు అని పేపర్లో. 2017లో పిల్లల ప్రాణాలు తీస్తోందన్న ఆట పేరుగా, బ్లూ వేల్. ఎప్పుడైనా ఒకటి చచ్చి మన తీరానికి కొట్టుకొస్తే సెల్ఫీలుగా. బతికున్న తిమింగలం మన భాషలో వార్త కాదు. వాంతికైనా శవానికైనా ఇచ్చిన విలువ దాని ఊపిరికి ఇవ్వలేదు. ఇప్పుడు మధ్యతరగతికి నాలుగు డబ్బులు చేరి, కొలంబోకి విమానమెక్కగలిగి, బతికున్నదాన్ని చూసే యోగం పడితే, శవం దగ్గర నేర్చుకున్న సెల్ఫీ మర్యాదే అక్కడికీ మోసుకుపోయాం.

తిమింగలాల్ని చూడొద్దని నేననడం లేదు. ఆ వెన్ను చూసినవాణ్ణి, ఆ మాట ఎలా అంటాను? నేననేది ఒక్కటే: లెక్క మార్చండి. పడవలో ఎంతమంది అన్నది మీ గొడవ, మీ మోకాళ్ళ గొడవ. తిమింగలం చుట్టూ ఎన్ని పడవలు అన్నదే లెక్క. మూడు. నాలుగో పడవ ఆగాలి. ఇంజిను తగ్గాలి. కాసేపు చూశాక మొదటిది తప్పుకోవాలి. అది పైకొచ్చే దిక్కుకు పోయి కాపు కాయకూడదు. ఇవి అమలు చేయాల్సిన అధికారులు రేవులో టికెట్లు తనిఖీ చేస్తే సరిపోదు, నీళ్ళ మీదికి రావాలి. నేను వెళ్ళిన పొద్దు నీళ్ళ మీద యూనిఫారం వేసుకున్న మనిషి ఒక్కడు కనపడలేదు. 100 మీటర్ల చట్టాన్ని నైలాను తాడుకు కట్టి వేలాడేస్తే అది చట్టమవుతుందా, దిష్టిబొమ్మవుతుందా?

మా వంతు నేరం కూడా రాస్తాను, దాచుకుంటే ఈ కోపానికి విలువ లేదు. రేవులో దిగేటప్పుడు మల్లి ఒక డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. టిప్పు. ముందున్న కూకట్‌పల్లి తమ్ముడు పెద్ద నోటు వేసి, "సూపర్ క్లోజ్, మల్లీ" అని భుజం తట్టాడు. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులో రేపటి తిమింగలానికి రాసి ఉన్న తీర్పు నాకు స్పష్టంగా కనపడింది. దగ్గరికి పోతే నోటు పెద్దది. దూరంగా ఆగినవాడికి చిల్లర. ఆ సరంగుకు చట్టం రాసేది కొలంబోలో కాదు, ఆ డబ్బాలో. ఇంత తెలిసీ, నా వంతు రాగానే చెయ్యి జేబులోకి పోయింది. నేనూ వేశాను. ఎందుకంటే వెనక క్యూ ఉంది, పక్కన మా ఆవిడ ఉంది, మొహమాటం ఉంది. బ్యాంకు మేనేజరు గారొక్కరే వేయలేదు. "మంచివాడే గానీ మాస్టారూ, పని తప్పు" అన్నారు, మెల్లగా మెట్లు దిగుతూ.

తిరిగొచ్చాక నిద్ర పట్టక ఒక పని చేశాను. మిరిస్సాలో స్మాల్ గ్రూప్ పేరుతో పడవలు నడిపేవాళ్ళలో ముగ్గురికి ఫోను చేశాను, కొత్త గిరాకీనన్నట్టు. ముగ్గుర్నీ ఒకటే అడిగాను: మనం పోయేసరికి తిమింగలం చుట్టూ మూడు పడవలున్నాయనుకోండి, మీరు ఆగుతారా?

మొదటివాడు ప్రశ్న అర్థం కాలేదన్నాడు. రెండుసార్లు చెప్పాక, కంగారు పడకండి సార్, మా పడవ అందరికంటే ఫాస్ట్ అని హామీ ఇచ్చాడు. రెండో చోట ఒకావిడ ఎత్తింది. ఎంతమంది వస్తారని మాత్రమే అడిగింది. మూడోవాడు ముసలి గొంతు. చాలాసేపు మాట్లాడలేదు, లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత అన్నాడు: "నేను ఆగుతాను సార్. ఆగితే మీరు ఊరుకుంటారా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అవతల రేవులో ఏదో పడవ ఇంజిను ఆన్ చేసిన చప్పుడు వినపడింది. అతను మళ్ళీ ఫోను చేస్తానన్నాడు, చేయలేదు.